టీవీని కంప్యూటర్ మానిటర్‌గా వాడుకోవడం ఎలా?

నల్లగొండలోని మా ఇంటి హాల్లో ఉన్న 32 అంగుళాల టీవీకి పాత కంప్యూటర్‌ను తగిలించినప్పుడు, తెర అడుగున గడియారం ఉండే పట్టీ సగం కోసుకుపోయి కనిపించింది.

తగిలించడంలో పెద్ద పనేమీ లేదు: రెండింటినీ హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపి, రిమోట్‌లో సోర్స్ మీట నొక్కి, కేబుల్ పెట్టిన పోర్టును ఎంచుకోవాలి. ల్యాప్‌టాప్ అయితే విండోస్ మీటను పట్టుకుని పీ నొక్కి, బొమ్మ రెండు తెరల మీదా రావాలో, టీవీ మీదే రావాలో నిర్ణయించుకోవచ్చు.

అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. అంచులు తెగిపోవడానికి కారణం ఓవర్‌స్కాన్, అంటే పాత ప్రసారాల నాటి అలవాటు కొద్దీ టీవీ బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులను తెర బయటికి నెట్టడం. పిక్చర్ సైజు సెట్టింగులో ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’ వంటి పేరుతో ఉన్నదాన్ని ఎంచుకుంటే అది పోతుంది. అక్షరాల చుట్టూ తెల్లటి అంచులు కనిపిస్తే షార్ప్‌నెస్ తగ్గించాలి. మౌస్ బాణం చేతికన్నా వెనకబడితే టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టాలి.

‘హెచ్‌డీ రెడీ’ అని రాసి ఉన్న చాలా టీవీల తెర 1366×768 పిక్సెళ్లదే కాబట్టి, వాటిలో 1920×1080 పెట్టినా అక్షరాలు తేటపడవు. సినిమాలకు అది చాలు గానీ, రోజంతా చదువుకునేవారు దాన్ని నమ్ముకోకూడదనే నేనంటాను.