నెట్‌వర్క్ ట్యాబ్‌లో కనిపించే హెడర్ కోడ్‌కు అందనప్పుడు

బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ నుండి వేరే డొమైన్‌లోని ఏపీఐని (ప్రోగ్రామ్‌లు సమాచారం అడిగే సర్వర్ సేవను) ఫెచ్ అనే ఫంక్షన్‌తో పిలిచినప్పుడు, బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఎక్స్-టోటల్-కౌంట్ వంటి హెడర్ (జవాబుతో పాటు సర్వర్ పంపే అదనపు వివరం) స్పష్టంగా కనిపిస్తున్నా, కోడ్‌లో హెడర్స్ గెట్ మాత్రం నల్ (ఏమీ లేదని) ఇవ్వడం తరచుగా ఎదురయ్యే చిక్కు. కోడ్‌లో మార్పులు మొదలుపెట్టక ముందే, ఆ హెడర్ అసలు రాలేదా, లేక వచ్చినదాన్ని బ్రౌజర్ మన కోడ్‌కు ఇవ్వడం లేదా అన్నది తేల్చుకోవాలి.

నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఉన్నదంటే వచ్చినట్లే. అప్పుడు మొదట అనుమానించవలసినది కార్స్ నిబంధనను, అంటే వేరే సైట్ ఇచ్చిన జవాబును కోడ్ ఎంతవరకు చదవవచ్చో నిర్ణయించే బ్రౌజర్ నియమాన్ని. వేరే ఆరిజిన్ (ప్రోటోకాల్, డొమైన్, పోర్ట్ కలిపిన చిరునామా) నుండి వచ్చిన రెస్పాన్స్‌లో క్యాష్-కంట్రోల్, కంటెంట్-లాంగ్వేజ్, కంటెంట్-లెంగ్త్, కంటెంట్-టైప్, ఎక్స్‌పైర్స్, లాస్ట్-మాడిఫైడ్, ప్రాగ్మా అనే 7 హెడర్లను మాత్రమే బ్రౌజర్ ప్రత్యేక అనుమతి లేకుండా కోడ్‌కు అందిస్తుంది. మిగిలినవి కావాలంటే సర్వర్ యాక్సెస్-కంట్రోల్-ఎక్స్‌పోజ్-హెడర్స్‌లో వాటి పేర్లు చెప్పాలి. దీన్ని ఆప్షన్స్ ప్రీఫ్లైట్‌కు (అసలు రిక్వెస్ట్‌కు ముందు అనుమతి కోసం బ్రౌజర్ పంపే రిక్వెస్ట్‌కు) ఇచ్చే జవాబులో పెట్టి ఊరుకుంటే ప్రయోజనం లేదు, అసలు రెస్పాన్స్‌లోనే ఉండాలి. పేర్లకు బదులు నక్షత్రం గుర్తు పెట్టవచ్చు గానీ, కుకీలతో వెళ్లే రిక్వెస్ట్‌లకు అది పనిచేయదు కనుక పేర్లు విడివిడిగా రాయడమే మేలు. సెట్-కుకీ మాత్రం ఏ అనుమతి ఇచ్చినా బ్రౌజర్ కోడ్‌కు అందదు. కన్సోల్‌లో కార్స్ ఎర్రర్ చూసి కొందరు ఫెచ్‌కు నో-కార్స్ మోడ్ ఇస్తారు. దానివల్ల ఎర్రర్ పోతుంది గానీ, స్టేటస్ 0గా, హెడర్లు ఖాళీగా ఉన్న రెస్పాన్స్ చేతికొస్తుంది.

హెడర్ నిజంగానే రాలేదేమో చూడడానికి కార్స్‌ను పట్టించుకోని కర్ల్ అనే కమాండ్-లైన్ సాధనం ఉపయోగపడుతుంది. అయితే దానికి పెద్ద అక్షరం ఐ ఆప్షన్ ఇస్తే హెడర్లను మాత్రమే అడిగే హెడ్ రిక్వెస్ట్ వెళుతుంది, దానికి కొన్ని సర్వర్లు గెట్‌కు ఇచ్చిన హెడర్లే ఇవ్వవు. అందువల్ల చిన్న అక్షరం ఐ వాడి గెట్ జవాబునే చూడాలి. హెడర్ విజయవంతమైన జవాబులో ఉండి, 429 లేదా 500 వంటి ఎర్రర్ కోడ్ వచ్చినప్పుడు మాత్రం మాయమవుతూ ఉంటే ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ కాన్ఫిగరేషన్ తెరవండి. యాడ్ హెడర్ ఆదేశం చివర ఆల్వేస్ అని లేకపోతే ఎర్రర్ జవాబులకు ఆ హెడర్ చేరదు. కార్స్ హెడర్లను కూడా అక్కడే చేరుస్తూ ఉంటే పరిస్థితి ఇంకా జటిలమవుతుంది, ఎందుకంటే స్టేటస్ కోడ్ సైతం అందకుండా ఫెచ్ మొత్తమే విఫలమై, అసలు లోపం కార్స్ లోపంలా కనిపిస్తుంది.

రీడైరెక్ట్ (సర్వర్ వేరే చిరునామాకు మళ్లించడం) జరిగితే కోడ్‌కు దొరికేవి చివరి జవాబు హెడర్లే. పైథాన్‌లోని రిక్వెస్ట్స్ అనే లైబ్రరీలో మధ్య జవాబులు హిస్టరీ అనే జాబితాలో ఉంటాయి. అదే లైబ్రరీలో హెడర్ల పేర్లకు పెద్ద, చిన్న అక్షరాల తేడా ఉండదు; కానీ లాగింగ్ కోసం వాటిని మామూలు పైథాన్ డిక్షనరీ (డిక్ట్)గా మార్చి, తర్వాత అందులోనే వెతికితే ఆ సౌలభ్యం పోతుంది కనుక, మార్చకముందే కావలసిన విలువలు తీసుకోండి.