ఏసీ తినేసిన కిలోమీటర్లు

మే నెల, విజయవాడ ఎండ. ఫుల్ ఛార్జింగ్‌కి 210 కిలోమీటర్లు వచ్చే నా ఎలక్ట్రిక్ కారు 170 దగ్గరే చేతులెత్తేసింది. బ్యాటరీ పోయిందేమోనని ఒకటే టెన్షన్.

బెంజి సర్కిల్ సిగ్నల్లో ఆగినప్పుడు స్క్రీన్ చూశాను. బండి కదలడం లేదు, అయినా ఏసీ 2.5 కిలోవాట్లు లాగుతోంది. పెట్రోలు కారులో ఏసీ కంప్రెసర్‌ని ఇంజిన్ బెల్టు తిప్పుతుంది. ఇందులో దానికి సొంత మోటారు, కరెంటు పెద్ద బ్యాటరీ నుంచే. గంటసేపు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే రెండున్నర యూనిట్లు, అంటే నా కారుకి 17 కిలోమీటర్లు, హుష్‌కాకి!

మా వీధి మెకానిక్ ఏసీ గ్యాస్ తగ్గింది, నింపేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఈ కంప్రెసర్లలో సాధారణంగా పీఓఈ రకం ఆయిలే ఉంటుంది, అది కరెంటు లీకవ్వనివ్వదు. గ్యాస్ నింపేటప్పుడు పొరపాటున మామూలు ఏసీ ఆయిల్ కలిస్తే ఇన్సులేషన్ దెబ్బతిని కారు మొరాయించవచ్చు. హై వోల్టేజి కరెంటు పారే ఆ నారింజ రంగు కేబుళ్ల జోలికైతే మనం అసలే పోకూడదు.

టార్చ్ వేసి ముందు గ్రిల్‌లోంచి చూస్తే అసలు దొంగ దొరికాడు. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రెక్కల మధ్య దూది, దుమ్ము, చచ్చిన పురుగులు మందంగా పేరుకుపోయి ఉన్నాయి. వేడి బయటికి పోక కంప్రెసర్ ఆయాసపడుతోంది. కారు ఆపేసి, చల్లారాక, మెత్తటి బ్రష్‌తో దులిపి, మొక్కలకు నీళ్లు పెట్టే పైపుతో సన్నగా కడిగాను. జోరుగా కొడితే రెక్కలు వంగిపోతాయి. కేబిన్ ఫిల్టరూ మార్చాను.

మర్నాడు అదే సిగ్నల్, అదే ఎండ: ఏసీ లాగుతున్నది 1.4 కిలోవాట్లే. ఇప్పుడు ఫుల్ ఛార్జింగ్‌కి 195 కిలోమీటర్ల దాకా వస్తోంది. బయల్దేరే ముందు, ఛార్జర్‌కి తగిలించి ఉండగానే ఏసీ వేసేస్తున్నాను. ఆ కరెంటు ఇంటి మీటరుది కదా.