కాండక్ట్: నడతా, నడపడమా?

స్కూలు టీసీలో ‘కాండక్ట్’ అనే గడి ఒకటుంటుంది. దానికెదురుగా ‘గుడ్’ అని రాసి హెడ్మాస్టరు సంతకం పెడతారు. అదే స్కూలు నోటీసు బోర్డు మీద ‘ఎగ్జామ్స్ విల్ బి కండక్టెడ్ ఫ్రమ్ మండే’ అని ఉంటుంది. ఇంగ్లిషులో రెండు చోట్లా అవే అక్షరాలు. టీసీలోది పిల్లవాడి నడత, బోర్డు మీదిది పరీక్షలు నడపడం.

నిఘంటువు తెరిస్తే ఈ మాటకు ప్రవర్తన, నిర్వహణ అని రెండు అర్థాలు కనిపిస్తాయి. ఆ రెంటికీ ఏమిటి సంబంధమో అక్కడ తెలియదు. అచ్చ తెలుగులోకి వస్తే చుట్టరికం బయటపడుతుంది. నడత, నడుపు, నడుచుకొను, మూడూ ‘నడ’ నుంచి పుట్టినవే. ఇంగ్లిషు మాటకు మూలమైన లాటిన్ ‘డూకెరె’కు కూడా ముందుండి నడిపించడమనే అర్థం. సేనను నడిపించే డ్యూక్, నీళ్లను నడిపించే ఆక్విడక్ట్ దాని సంతానమే. కాబట్టి ఈ మాట పట్టుబడాలంటే ‘నిర్వహించు’ను కాసేపు పక్కన పెట్టి ‘నడ’ను చేతిలో ఉంచుకోండి. చిక్కుల్లో సగం దానితోనే విడిపోతాయి.

ముందు పలకడం. నామవాచకమైతే బరువు మొదటి భాగం మీద పడుతుంది: కాండక్ట్. క్రియ అయితే రెండో భాగం మీద పడుతుంది: కండక్ట్. ఇందులో ‘డక్ట్’ను ఒత్తి పలకాలి, ముందున్న ‘కన్’ సగం మింగేసినట్టుండాలి. రికార్డ్, పర్మిట్, ఆబ్జెక్ట్ లాంటివి కూడా ఇలాగే నామవాచకంలో ఒకలా, క్రియలో ఒకలా పలుకుతాయి. తెలుగులో బరువు మారితే అర్థం మారే మాటలు లేవు కనుక ఈ తేడా మన చెవికి ఆనదు. ఇంకో ఇబ్బంది చివర్లో ఉంది. మనం ‘కండక్టు’ అని ఉకారం తగిలిస్తాం, ఇంగ్లిషులో ‘క్ట్’ దగ్గరే నోరు ఆగిపోవాలి. భూతకాలంలో మాత్రం ఒక పలుకు పెరిగి ‘కండక్టెడ్’ అవుతుంది. ఇక్కణ్ణుంచి కాండక్ట్ అని రాస్తే నామవాచకం, కండక్ట్ అని రాస్తే క్రియ.

నామవాచకం

కాండక్ట్ లెక్కపెట్టే మాట కాదు, పాలు, ఇసుక లాంటిది. ‘ఎ గుడ్ కాండక్ట్’ అనకూడదు, ‘కాండక్ట్స్’ అనే బహువచనమూ లేదు. ‘హిజ్ కాండక్ట్ ఈజ్ గుడ్’ సరి. ‘ఎ కాండక్ట్ సర్టిఫికెట్’ అన్నప్పుడు ఆ ‘ఎ’ సర్టిఫికెట్‌కు చెందింది, కాండక్ట్‌కు కాదు. ‘కోడ్ ఆఫ్ కాండక్ట్’ బహువచనం చేయాలంటే మొదటి మాట మారుతుంది: కోడ్స్ ఆఫ్ కాండక్ట్. ఒకే ఒక్క తప్పు పనిని చెప్పాలంటే ‘యాన్ యాక్ట్ ఆఫ్ మిస్‌కాండక్ట్’ అనాలి, ‘ఎ మిస్‌కాండక్ట్’ అనకూడదు.

ఎవరి పట్ల ఎలా నడుచుకున్నారో చెప్పడానికి ‘టువార్డ్స్’ వాడాలి. ‘హర్ కాండక్ట్ టువార్డ్స్ ద పేషెంట్స్’ అంటే రోగుల పట్ల ఆమె నడుచుకున్న తీరు. తెలుగులో ‘రోగులతో’ అంటాం కదా అని ‘విత్ ద పేషెంట్స్’ అని రాస్తే అతకదు.

బిహేవియర్‌కూ దీనికీ తేడా ఏమిటంటే, బిహేవియర్ దేనికైనా ఉంటుంది. కుక్కకు ఉంటుంది, నెలల బిడ్డకు ఉంటుంది, వేడెక్కిన ఇనుముకూ ఉంటుంది. కాండక్ట్ మాత్రం మంచిచెడ్డలు తెలిసి, జవాబు చెప్పాల్సినవాళ్లకే. ఎదుట ఒక నియమమో మర్యాదో ఉండి, దానితో తూచి చూసినప్పుడు బిహేవియర్ కాండక్ట్ అవుతుంది. అందుకే డాక్టరు బిడ్డ ‘బిహేవియర్’ గురించి అడుగుతాడు, విచారణాధికారి ఉద్యోగి ‘కాండక్ట్’ గురించి అడుగుతాడు. ‘ద కాండక్ట్ ఆఫ్ మై డాగ్’ అని రాస్తే కుక్కకు మెమో ఇచ్చినట్టుంటుంది.

క్యారెక్టర్ ఇంకొకటి. అది లోపలి స్వభావం, కాండక్ట్ బయటికి కనిపించే నడత. తెలుగు మాటల్లో ‘క్యారెక్టర్’కు శీలం అనే అర్థం బాగా బిగుసుకుపోయింది, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో ఆ మాటను రాయిలా విసురుతారు. ఇంగ్లిషు ఉత్తరంలో ఒకరి పని తీరు గురించి చెబుతూ క్యారెక్టర్ అని రాశారంటే, మీరు అనుకోని చోట గుచ్చుకుంటుంది. పని తీరు, మాట తీరు గురించైతే కాండక్ట్ అనే రాయండి. మ్యానర్స్ అంటే భోజనం దగ్గర, పలకరింపుల్లో చూపించే చిన్న మర్యాదలు, ఎప్పుడూ బహువచనమే.

క్రియ

‘మర్యాదగా నడుచుకో’ అని ఎలా అంటారు? ‘కండక్ట్ యువర్‌సెల్ఫ్ ప్రాపర్లీ.’ నడుపు, నడుచుకొను మధ్య ‘కొను’ ఏ పని చేస్తుందో ఇంగ్లిషులో ‘సెల్ఫ్’ అదే పని చేస్తుంది. అది జారిపోతే అర్థమే మారుతుంది. ‘షీ కండక్టెడ్ వెల్’ అంటే ఆమె దేన్నో బాగా నడిపింది, వాద్యబృందాన్ని నడిపిందేమో అనుకుంటారు. ‘షీ కండక్టెడ్ హర్‌సెల్ఫ్ వెల్’ అంటేనే ఆమె బాగా నడుచుకుంది.

ఎలా నడుచుకోవాలో కూడా చెప్పి తీరాలి: వెల్, ప్రాపర్లీ, విత్ డిగ్నిటీ, ఏదో ఒకటి. ఒట్టి ‘కండక్ట్ యువర్‌సెల్ఫ్’ సగంలో ఆగిన వాక్యం. బిహేవ్‌కు ఈ రెండు నిబంధనలూ లేవు. ‘బిహేవ్!’ అన్నా ‘బిహేవ్ యువర్‌సెల్ఫ్!’ అన్నా బుద్ధిగా ఉండమనే. ఆ బుద్ధి మాటలోనే ఇమిడి ఉంది. అయితే అది పిల్లల మీద వాడే మాట. ఆఫీసులో తోటి ఉద్యోగిని ‘బిహేవ్ యువర్‌సెల్ఫ్’ అంటే గొడవ పెద్దదవుతుంది. అక్కడ చెప్పాల్సింది ‘ప్లీజ్ కీప్ దిస్ ప్రొఫెషనల్’ లాంటిది.

ఇక నడపడం సంగతి. మనవాళ్ల ఇంగ్లిషులో కండక్ట్ విపరీతంగా వాడేది ఇక్కడే, తప్పు ‘నిర్వహించు’ది. తెలుగులో సభ నిర్వహిస్తాం, దుకాణం నిర్వహిస్తాం, పుట్టినరోజు వేడుక నిర్వహిస్తాం, రికార్డులు నిర్వహిస్తాం, పూజ నిర్వహిస్తాం. పత్రికలు ఆ మాటను అరగదీశాయి. ఇంగ్లిషులో వీటిలో ఏదీ కండక్ట్‌కు సహజంగా ఒదగదు. సభకు ‘హోల్డ్’, దుకాణానికి ‘రన్’, రికార్డులకు ‘మెయింటైన్’ లేదా ‘కీప్’, పూజకు ‘పర్‌ఫార్మ్’. పుట్టినరోజుకు ‘హ్యావ్ ఎ పార్టీ’ చాలు. పద్ధతి ప్రకారం మెట్టు తర్వాత మెట్టుగా సాగే పనికి మాత్రం కండక్ట్ సరిగ్గా సరిపోతుంది: సర్వే, ఇంటర్వ్యూ, విచారణ, ప్రయోగం, తనిఖీ, పరీక్ష. రాసేముందు ఒకసారి ‘నిర్వహించు’ తీసి ‘పద్ధతిగా నడుపు’ అని పెట్టి చూడండి. విచారణను పద్ధతిగా నడుపుతారు, కండక్ట్ వాడొచ్చు. పుట్టినరోజును పద్ధతిగా నడపరు, వద్దు.

రాగి తీగ కరెంటును తన గుండా నడిపిస్తుంది కాబట్టి ‘కాపర్ కండక్ట్స్ ఎలక్ట్రిసిటీ’. టూరిజం వాళ్లు జనాన్ని వెంట నడిపిస్తారు కాబట్టి ‘కండక్టెడ్ టూర్’. వీటితో ఇబ్బందేమీ లేదు.

రెండు అర్థాలూ పక్కపక్కనే చూడాలంటే ఎన్నికల నియమాల్లో చూడాలి. 1961 నాటి ‘కాండక్ట్ ఆఫ్ ఎలక్షన్స్ రూల్స్’ ఎన్నికలు ఎలా జరపాలో చెబుతాయి: నామినేషన్లు, బ్యాలెట్లు, ఓట్ల లెక్కింపు. ‘మోడల్ కోడ్ ఆఫ్ కాండక్ట్’ పార్టీలు, అభ్యర్థులు ఎలా నడుచుకోవాలో చెబుతుంది. దీని తొలి రూపం 1960 కేరళ అసెంబ్లీ ఎన్నికలప్పటిది. ‘కాండక్ట్ ఆఫ్’ తర్వాత మనిషి వస్తే నడత, పని వస్తే నడపడం. 2024 మార్చి 16న షెడ్యూలు ప్రకటించగానే మన పత్రికలు ‘కోడ్ కూసింది’ అని శీర్షికలు పెట్టింది ఈ మోడల్ కోడ్ గురించే. ఇంగ్లిషులో కోడ్ కూయదు, ‘కమ్స్ ఇంటు ఫోర్స్’ అంటారు. ఉల్లంఘిస్తే ‘బ్రీచ్’ లేదా ‘వయొలేట్’. ‘బ్రోక్ ద కోడ్’ అంటే రహస్య లిపిని ఛేదించారని కూడా అనుకునే వీలుంది, అందుకే దాన్ని మానుకోవడం మేలు.

క్రికెట్‌లోనూ ఇవే మాటలు. ఐసీసీ కోడ్‌లో తప్పులకు నాలుగు స్థాయిలున్నాయి. మొదటి స్థాయికి మ్యాచ్ ఫీజులో 50 శాతం దాకా కోత, ఒకటో రెండో డీమెరిట్ పాయింట్లు. 24 నెలల్లో నాలుగు పాయింట్లు పోగైతే మ్యాచ్‌లకు దూరం చేస్తారు. 2024 డిసెంబరులో అడిలైడ్ టెస్టులో ట్రావిస్ హెడ్‌ను అవుట్ చేశాక చేసిన సైగలకు హైదరాబాదీ సిరాజ్ మీద 20 శాతం కోత, ఒక పాయింటు పడ్డాయి. దీన్ని ‘ఫైన్డ్ ఫర్ బ్రీచింగ్ ద కోడ్ ఆఫ్ కాండక్ట్’ అని రాస్తారు. ‘పనిష్డ్ ఫర్ బ్యాడ్ కాండక్ట్స్’ అని కాదు.

మిస్‌కాండక్ట్, మిస్‌బిహేవ్

మిస్‌కాండక్ట్ ఉద్యోగానికో వృత్తికో సంబంధించిన బరువైన మాట. 1961 అడ్వకేట్స్ యాక్ట్‌లో వకీళ్ల మీద చర్య తీసుకునే 35వ సెక్షన్ ఈ మాట చుట్టూనే తిరుగుతుంది. ప్రభుత్వోద్యోగులకు 1964 కాండక్ట్ రూల్స్ ఉన్నాయి. కేంద్ర ఉద్యోగుల రూల్స్‌లో మూడో రూలు ఉద్యోగికి తగని పని ఏదీ చేయకూడదంటుంది. ఆ ‘తగని’కి ఇంగ్లిషు మాట ‘అన్‌బికమింగ్’. ఛార్జి మెమోల్లో ఇది తరచూ ఎదురవుతుంది, ‘అవడం లేదు’ అని అర్థం చేసుకుని తికమక పడొద్దు. ‘హి మిస్‌కండక్టెడ్’ అని క్రియగా వాడకండి. ‘హి వాజ్ ఫౌండ్ గిల్టీ ఆఫ్ మిస్‌కాండక్ట్’ అనండి. ఆరోపణ ఇంకా తేలకపోతే ‘ఎక్యూజ్డ్ ఆఫ్’. ‘గ్రాస్ మిస్‌కాండక్ట్’లో గ్రాస్ అంటే మొత్తం కాదు, తీవ్రమైన అని. ఉద్యోగం పోయే స్థాయిది.

అమెరికాకు చదువుకు వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఇక్కడ పరీక్షలో చీటీ పెడితే మాల్‌ప్రాక్టీస్. అక్కడ మాల్‌ప్రాక్టీస్ అంటే ఎక్కువగా డాక్టర్లు, లాయర్లు వృత్తిలో చేసే నిర్లక్ష్యం. కాపీ కొట్టడం ‘అకడమిక్ మిస్‌కాండక్ట్’. అసైన్‌మెంట్ చూసి రాసినవాళ్లే కాదు, చూపించినవాళ్లూ చాలా యూనివర్సిటీల్లో దాని కిందికే వస్తారు.

మిస్‌బిహేవ్ దగ్గర మనకు ఎక్కువ నష్టం జరుగుతోంది. ‘హి మిస్‌బిహేవ్డ్ విత్ మి’ అని మన దేశంలో అందరూ రాస్తారు. ‘నాతో అసభ్యంగా ప్రవర్తించాడు’లోని ‘తో’ అక్కడ ‘విత్’గా దిగింది. బ్రిటన్‌లోనో అమెరికాలోనో చదివినవాళ్లకు మిస్‌బిహేవ్ అంటే పిల్లల అల్లరి. అల్లరి అనుకుని తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది. మన దగ్గర చదివేవాళ్లకు కూడా అది తిట్టాడనా, చెయ్యి వేశాడనా, ఫోనులో మెసేజీలు పెట్టాడనా తెలియదు.

ఫిర్యాదులో ఆ మాటను ఒంటరిగా వదలొద్దు. తేదీ, వేళ, చోటు ముందు రాయండి. తర్వాత జరిగినదాన్ని పనుల్లో చెప్పండి: ‘హి షౌటెడ్ ఎట్ మి’, ‘హి టచ్డ్ మై షోల్డర్’, ‘హి సెంట్ మి ఫోర్ మెసేజెస్ ఆఫ్టర్ మిడ్‌నైట్’. అన్న మాటలు గుర్తుంటే తెలుగులో ఎలా అన్నాడో అలాగే కొటేషన్లలో పెట్టి, కింద ఇంగ్లిషు అర్థం రాయండి. చూసినవాళ్లుంటే వాళ్ల పేర్లు. చివర్లో కావాలంటే ‘దిస్ కాండక్ట్ ఈజ్ అన్‌యాక్సెప్టబుల్’ అనొచ్చు, ముందు మాత్రం వద్దు. తీర్పు ముందే చెబితే చదివేవాళ్లు పనుల మీద దృష్టి పెట్టరు. పనిచేసే చోట లైంగిక వేధింపు అయితే 2013 చట్టం ప్రకారం ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదుల కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. కారణం సరైనదనిపిస్తే కమిటీ ఇంకో మూడు నెలల దాకా గడువు పెంచవచ్చు. ఒకటి కంటే ఎక్కువసార్లు జరిగితే ఆఖరి ఘటన నుంచి లెక్క.

సర్టిఫికెట్ అడిగేటప్పుడు

కాలేజీకి రాసే దరఖాస్తులో ‘ఐ వాంట్ మై కాండక్ట్’ అని రాసేవాళ్లున్నారు. అడగాల్సింది నడతను కాదు, కాగితాన్ని. ‘ఐ రిక్వెస్ట్ యు టు ఇష్యూ మై స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్’ అని రాసి, చదివిన కోర్సు, సంవత్సరాలు, హాల్‌టికెట్ నంబరు, ఎందుకు కావాలో ఒక వాక్యం చేర్చండి. సర్టిఫికెట్‌లో ‘శాటిస్‌ఫ్యాక్టరీ’ అని వస్తే కంగారు పడక్కర్లేదు. మామూలు ఇంగ్లిషులో అది ‘ఫరవాలేదు’ స్థాయి మాటే అయినా, మన ఆఫీసుల్లో ఫిర్యాదేమీ లేదనే అర్థంలో చెల్లుతుంది. విదేశీ యూనివర్సిటీకి పంపేదైతే మాత్రం ‘గుడ్’ అని రాయించుకోవడం నయం.