ఫైబ్రోస్కాన్‌కు టిఫిన్ తిని వెళ్లకండి

ఫ్యాటీ లివర్ ఉందని డాక్టర్ ఫైబ్రోస్కాన్ రాస్తే, "స్కానే కదా, సూదులేం ఉండవు" అని ఇడ్లీ తిని, కాఫీ తాగి బయల్దేరేవాళ్లు చాలామంది. దయచేసి అలా వెళ్లకండి. స్కాన్‌కు మూడు గంటల ముందే తినడం ఆపేయండి. రెండు గంటలు చాలనే మార్గదర్శకాలూ ఉన్నాయి, కానీ మూడు గంటలు ఆగితేనే నిశ్చింత.

తిన్నాక పేగులకు రక్తం ఎక్కువగా వెళ్తుంది. అక్కడి నుంచి పోర్టల్ సిర ద్వారా నేరుగా లివర్‌కు చేరుతుంది. దాంతో లోపల ఒత్తిడి పెరిగి లివర్ కాసేపు బిగుసుకుంటుంది. ఫైబ్రోస్కాన్ మిషన్ కొలిచేది ఆ బిగువునే. కుడివైపు పక్కటెముకల సందులో చిన్నగా తట్టి, ఆ కదలిక లివర్‌లో ఎంత వేగంగా పోతోందో చూస్తుంది. వేగం పెరిగితే బిగువును చూపే కిలోపాస్కల్ అంకె కూడా పెరుగుతుంది. అది ఫైబ్రోసిస్ (లివర్‌లో మచ్చలు పడి గట్టిపడటం) వల్లనా, తిండి వల్లనా అన్నది మిషన్ విడదీసి చెప్పలేదు. తిన్న పావుగంట నుంచి ముప్పావుగంట మధ్యలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. సిరోసిస్ (మచ్చలు బాగా ముదిరిన దశ) ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ.

ఫ్యాటీ లివర్‌లో 8 కిలోపాస్కల్స్ లోపు వస్తే ముదిరిన ఫైబ్రోసిస్ లేనట్టేనని డాక్టర్లు భావిస్తారు. అసలు 7 ఉన్న మనిషికి తిన్నందువల్ల 9 వచ్చిందనుకోండి, మళ్లీ టెస్టులు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఇంత చిన్న కారణానికి ఎవరూ ఆ భయం పడకూడదు.

పాలు, టీ, మజ్జిగ, జ్యూస్ కూడా తిండి కిందే లెక్క. మాత్ర వేసుకోవడానికి గుక్కెడు మంచినీళ్లు పర్వాలేదు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త: ఇన్సులినో మాత్రో వేసుకుని తినకుండా కూర్చుంటే షుగర్ పడిపోవచ్చు. పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంట్ అడగండి, మందు ఎప్పుడు వేసుకోవాలో ముందురోజే డాక్టర్‌ను కనుక్కోండి.

పొరపాటున తినేసి ఉంటే మొహమాటపడకుండా టెక్నీషియన్‌కు చెప్పండి. కూర్చుని ఆగండి, లేదా ఇంకో రోజు వెళ్లండి. రిపోర్టు మీద చివరిసారి ఎన్నింటికి తిన్నారో రాయించుకోండి. ఆరునెలలకో ఏడాదికో మళ్లీ తీసినప్పుడు రెండు అంకెలనూ పోల్చడానికి అది కావాలి. పది రీడింగులు సరిగా వచ్చాయా, ఐక్యూఆర్ (ఆ రీడింగుల మధ్య తేడా) మధ్య అంకెలో, అంటే మీడియన్‌లో, 30 శాతం లోపు ఉందా అన్నది కూడా చూడండి.

ఈమధ్య కామెర్లు వచ్చినా, మద్యం ఎక్కువగా తాగినా, గుండె బలహీనంగా ఉన్నా అంకె పెరుగుతుంది. గర్భవతులు, పొట్టలో నీరు చేరినవాళ్లు ఆ సంగతి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి.