మీ టెక్కియన్ మాంక్ ఎందుకు కుదరడం లేదు: సమస్య - పరిష్కారం

ముందే చెబుతున్నా, ఇది డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ పాత్రల్లో ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్, అదీ 2014 రూల్స్‌తో ఆడేవాళ్ళ కోసం. మా కాంపెయిన్ (ఆటలో నడిచే కథ) జోసన్ రాజుల కాలపు కొరియాలో నడుస్తుంది. అందులో ఒకడు ఆడేది ఓపెన్ హ్యాండ్ మాంక్, అంటే ఉత్త చేతులతో, కాళ్ళతో పోరాడే పాత్ర. వాడి విద్య టెక్కియన్ అనే కొరియా సంప్రదాయ యుద్ధవిద్య. చూడ్డానికి డాన్సులా ఉంటుంది, మోకాళ్ళు వంచుతూ చేతులు ఊపుకుంటూ ఊగుతూనే ఉంటారు, ఉన్నట్టుండి ఎక్కడి నుంచో కాలొచ్చి తగులుతుంది. ఆటలోకి తెచ్చేసరికి మాత్రం మొదటి నాలుగు సెషన్లు చప్పగా పోయాయి. ఎక్కడ తేడా కొట్టిందో, ఏం చేస్తే కుదిరిందో రాస్తున్నా. ఒక్క మాట, కొత్త క్లాస్ (పాత్ర రకం) మాత్రం రాయొద్దు. నేను రాసి రెండు వారాలు పోగొట్టుకున్నా.

సమస్య: తన్నుకీ గుద్దుకీ తేడా తెలియడం లేదు

"తన్నాను" అంటాడు, డైస్ వేస్తాడు, ఆరు డ్యామేజ్. "గుద్దాను" అన్నా అదే ఆరు. కారణం తెలిసిందే, రూల్స్‌లో ఉత్త చేతి దెబ్బ, కాలి దెబ్బ, తలతో కుమ్మడం అన్నీ ఒకే లెక్క. దీనికి అందరూ చేసే పనే నేనూ చేశా, ఐదో లెవెల్‌లో గుద్దుకి డీ6 (ఆరు ముఖాల డైస్), తన్నుకి డీ8 ఇచ్చా. ఆ రోజు నుంచి మావాడు చెయ్యి వాడితే ఒట్టు.

అసలు టెక్కియన్ పోటీలో గెలుపు ఎలా వస్తుందో చూస్తే దారి దొరుకుతుంది. అవతలివాణ్ణి కింద పడేస్తే గెలుపు, లేదా కాలితో మొహం మీద తన్నగలిగితే గెలుపు. ఒంటి మీద తన్నేటప్పుడు గాయం కాకుండా పాదంతో నెట్టినట్టు తన్నాలి. అంటే మనం తెలుగులో మట్టి కరిపించడం అంటామే, అక్షరాలా అదే. కాబట్టి తన్నుకి డ్యామేజ్ పెంచకండి, డ్యామేజ్ తీసేయండి.

మా రూల్ ఇది. టర్నుకి ఒకసారి, తన్ను తగిలాక, ఆ దెబ్బ డ్యామేజ్ మొత్తం వదులుకుంటే అవతలివాడు డెక్స్‌టెరిటీ సేవ్ (చురుకుదనంతో తప్పించుకునే రోల్) వేయాలి. ఫెయిలైతే కింద పడతాడు, లేదా ఐదడుగులు వెనక్కి పోతాడు, ఏది అన్నది తన్నినవాడి ఇష్టం. కీ పాయింట్ (మాంక్ తన ప్రత్యేక విద్యలకు ఖర్చు పెట్టేది) ఖర్చు లేదు.

ఉచితంగా ఇస్తే మరీ ఎక్కువైపోదా అని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది, కూర్చుని లెక్కేశా. ఐదో లెవెల్ మాంక్ దెబ్బ సగటున 7.5. మామూలుగా 65 శాతం తగిలేవాడికి, ఎదుటివాడు కింద పడి ఉంటే అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) వల్ల అది దాదాపు 88 శాతం అవుతుంది. ఆ టర్నులో మిగిలిన రెండు దెబ్బల మీద కలిపి వచ్చే లాభం సుమారు 3.4. వదులుకున్నది 7.5. అంటే ఒంటరిగా పోరాడుతుంటే పడేయడం దండగ. పక్కన కత్తి పట్టుకుని ఇంకో ఇద్దరు ఉంటేనే గిట్టుబాటు. ఇప్పుడు మావాడు ప్రతి టర్నూ చుట్టూ ఎవరున్నారో చూసి మరీ తన్నుతున్నాడు, నాకు కావాల్సింది అదే.

సమస్య: పడేశాడు, కానీ ఎవరికీ ఉపయోగపడలేదు

ఇది రూల్‌లో తప్పు కాదు, వరసలో తప్పు. మాంక్ పడేశాక వెంటనే వచ్చేది ఆ శత్రువు టర్నే అయితే, వాడు సగం కదలిక ఖర్చు పెట్టి లేచి నిలబడతాడు, అంతే. ఐదో ఎడిషన్‌లో టర్నును వెనక్కి జరుపుకునే వీలు లేదు. మేం ఇనిషియేటివ్ (ఎవరి టర్ను ముందో తేల్చే రోల్) వేసిన వెంటనే ఇద్దరు ఆటగాళ్ళు ఒప్పుకుంటే స్థానాలు మార్చుకోవచ్చని పెట్టుకున్నాం, ఫైట్ మొదలయ్యాక మాత్రం కుదరదు.

ఇంకో తలనొప్పి విలుకాడు. కింద పడినవాడి మీద దూరం నుంచి వేసే బాణానికి డిసడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి చిన్నది తీసుకోవడం). మా ఆర్చర్ మూడో సెషన్‌లో శత్రువు మినీని (బోర్డు మీది చిన్న బొమ్మని) అడ్డంగా పడుకోబెట్టడం చూసి డైస్ అన్నీ తీసి డబ్బాలో వేసేసి, "నువ్వు పడేసినప్పుడల్లా నాకు సెలవే కదరా" అన్నాడు. తర్వాతి టర్ను ఆర్చర్‌ది అయితే పడేయకుండా నెట్టమని చెప్పండి. నెట్టడం ఆప్షన్ పెట్టిందే అందుకు.

సమస్య: ప్రతి తన్నూ గాల్లో గిరగిరా తిరిగే తన్నే

మీ ఆటగాడు టెక్కియన్ అనుకుని తైక్వాండో ఆడుతున్నాడు. స్కూల్లో తైక్వాండో నేర్చుకున్నవాళ్ళు మన ఊళ్ళలో చాలామందే ఉన్నారు, మావాడూ వాళ్ళలో ఒకడు, అందుకే తెల్ల డ్రెస్సు, బెల్టు, గాల్లో చుట్టు తిరగడం అన్నీ వాడి వర్ణనలోకి వచ్చేశాయి. తైక్వాండో అనే పేరే 1955లో పుట్టింది. బెల్టుల పద్ధతి జపాన్ జూడో నుంచి మొదలైంది. జోసన్ కాలపు కొరియాలో ఆ పేరూ లేదు, ఆ బెల్టులూ లేవు. 1846 నాటిదని చెప్పే యూ సుక్ గీసిన బొమ్మ ఒకటుంది, జనం గుండ్రంగా చేరి చూస్తుంటే మధ్యలో ఒకవైపు కుస్తీ, ఇంకోవైపు టెక్కియన్ జరుగుతుంటాయి. జాతరలో కబడ్డీ చూస్తున్నట్టే ఉంటుంది. ఆ బొమ్మ ఆటగాళ్ళకు చూపించండి, నేను పది నిమిషాలు వాగినదానికంటే అదే ఎక్కువ పనిచేసింది.

జోసన్ రోజుల నుంచి ఈ విద్యను 20వ శతాబ్దం దాకా మోసుకొచ్చినవాడు సాంగ్ డోక్-గి, 1893లో పుట్టి 1987లో పోయాడు. కొరియా ప్రభుత్వం 1983లో దీన్ని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది, 2011లో యునెస్కో జాబితాకెక్కింది. మీ కథ ఇప్పటి సియోల్‌లో జరుగుతుంటే తైక్వాండో నిక్షేపంగా పెట్టుకోండి, తప్పేం లేదు. రెండూ కలిపి కిచిడీ చేయకండి, అంతే.

సమస్య: అడుగుల రూల్ పెట్టా, ఎవరికీ గుర్తుండడం లేదు

టెక్కియన్‌కి ప్రాణం పుంబాప్గి అనే అడుగు. త్రికోణంలో, మూడు తాళాల్లో పడుతుంది. పేరులోని 'పుం' కూడా మూడు గళ్ళు పేర్చినట్టుండే చైనా అక్షరమే. నేనేమో తెలివిగా గ్రిడ్ (గళ్ళ బోర్డు) మీద నిజంగానే మూడు గళ్ళు తిప్పించా. ప్రతి టర్నూ 15 అడుగుల కదలిక గంగలో కలిసేది. నిజం మనిషి వేసే త్రికోణం ఒక్క గడిలోనే సరిపోతుంది, మినీని కదపాల్సిన పనే లేదు.

ఇప్పుడు ఆటగాడి ముందు మూడు రూపాయి బిళ్ళలు పెడుతున్నాం. తన టర్ను మొదలైనప్పుడు ఒకటి, దగ్గరి నుంచి ఎవరైనా కొట్టబోయి గురి తప్పినప్పుడు ఒకటి ముందుకు జరుపుతాడు. మూడూ జరిగాక వాటిని వెనక్కి లాక్కుంటే, ఆ తన్నుకి అవతలివాడి సేవ్ డిసడ్వాంటేజ్‌తో. మొదట్లో టర్నుకి ఒకటి మాత్రమే ఇచ్చా, మా ఫైట్లు మూడు నాలుగు రౌండ్లలో అయిపోతాయి, బిళ్ళలు నిండేసరికి కొట్టడానికి ఎవడూ మిగిలేవాడు కాదు.

బిళ్ళ జరిపినప్పుడల్లా అసలు టెక్కియన్ వాళ్ళలాగే "ఇక్కు, ఎక్కు" అని అరవాలని కూడా పెట్టాం. రెండోది వినగానే "ఎక్కడికి ఎక్కాలి?" అని ఎవడో ఒకడు అనకుండా ఒక్క సెషన్ కూడా గడవలేదు. అరుపు రూల్ తీసేశా.

సమస్య: తన్ని పారిపోతున్నాడు

మాంక్ వేగం అలాంటిది. టెక్కియన్ పోటీలో దేజోప్ అని ఒక మర్యాద ఉంది, అవతలివాడికి అందేలా ఒక కాలు ముందు పెట్టి ఉంచాలి. అందుకే శత్రువు పక్కనే టర్ను ముగిస్తేనే బిళ్ళలు నిలుస్తాయి, దూరంగా పోతే మూడూ సున్నా. ఒక్క సెషన్‌లో దారికొచ్చాడు.

సమస్య: ఎప్పుడు చూసినా స్టన్నింగ్ స్ట్రైకే

స్టన్నింగ్ స్ట్రైక్ అంటే శత్రువును స్తంభింపజేసే దెబ్బ. కీ అంతా దానికే పోస్తాడు, ఎందుకంటే అది అన్నిటికంటే బలమైనది. టర్నుకి ఒక్కసారే అని కట్టేయండి. 2024 రూల్స్‌లో వాళ్ళే ఆ పని చేశారు.

సమస్య: తన్ను తప్పితే ఏ నష్టమూ లేదు

ఒంటి కాలి మీద నిలబడి తప్పినవాడు తూలాలి కదా, న్యాయమే. గర్ప్స్ అనే ఇంకో ఆటలో అలాంటి రూల్ ఉంది, తన్ను తప్పితే ఇంకో రోల్ వేయాలి, అదీ పోతే పడిపోతాడు. కానీ దాన్ని ఇక్కడికి తెచ్చి "20 ముఖాల డైస్ మీద 1 పడితే బోర్లా" అని పెట్టకండి. ఫ్లరీతో (కీ ఖర్చుతో వేసే అదనపు దెబ్బలతో) నాలుగు దెబ్బలు వేసే మాంక్‌కి టర్నులో కనీసం ఒక 1 పడే అవకాశం 18.5 శాతం, ఒక్క దెబ్బ వేసేవాడికి 5 శాతమే. విద్య పెరిగేకొద్దీ ఎక్కువసార్లు పడిపోతాడన్నమాట, ఇదెక్కడి న్యాయం? మొహం మీద తన్నుకి మాత్రమే రిస్క్ పెట్టండి: టర్నుకి ఒకటి, రోల్‌కి మైనస్ 5, తగిలితే డ్యామేజ్‌తో పాటు శత్రువు తర్వాతి దాడికి డిసడ్వాంటేజ్, తప్పితే తన్నినవాడే కింద.

సమస్య: పులిని పడేయొచ్చా?

కొరియా కథలో పులి రాకుండా ఉండదు, ఈ ప్రశ్నా రాకుండా ఉండదు. మనకంటే ఒక్క సైజు పెద్దదాని వరకు ఒప్పుకోండి, పులి అందులోకే వస్తుంది. నాలుగు కాళ్ళదైతే సేవ్‌కి అడ్వాంటేజ్ ఇవ్వండి. అసలు కాళ్ళే లేని జెల్లీ రాక్షసుల దగ్గర మాత్రం ఈ విద్య చెల్లదు, మావాడు ఎంత వాదించినా నేను ఒప్పుకోలేదు.