స్టాండప్ కామెడీ నేర్చుకోవాలంటే ముందు నవ్వడం ఆపండి

నచ్చిన కమెడియన్ వీడియోలో ఓ ఐదు నిమిషాల ముక్క తీసుకుని, వింటూ మాట పొల్లుపోకుండా చేత్తో రాయండి. విసుగే, కానీ రాస్తుంటేనే గుట్టు తెలుస్తుంది. జనం నవ్విన ప్రతిచోటా ఒక గీత పెట్టండి. కమెడియన్ ఆగిన చోట ఎన్ని సెకన్లు ఆగారో కూడా రాయండి.

తర్వాత గీతకు ముందున్న మాట చూడండి. చాలాసార్లు నవ్వు పుట్టించే మాట వాక్యం చివర్లోనే ఉంటుంది. తెలుగులో ఇదే చిక్కు, మన వాక్యం క్రియతో ముగుస్తుంది కదా. "జిమ్‌లో చేరాక నా పర్సు మాత్రమే తగ్గింది" అంటే పంచ్ మధ్యలోనే పేలిపోయి, "తగ్గింది" తోకలా వేలాడుతుంది. "జిమ్‌లో చేరాక తగ్గిందల్లా... పర్సు" అని చూడండి.

ఒకసారి సౌండ్ తీసేసి కూడా చూడండి. చేతులు, చూపు, మైక్ పట్టుకునే తీరు అప్పుడే కనిపిస్తాయి.

ఇక జోకులు ఎత్తేయకండి, దొరికిపోతారు. తీసుకోవాల్సింది జోకు కట్టిన తీరు మాత్రమే. అనుకరణ తప్పేం కాదు. అమెరికాలో పేరుమోసిన కమెడియన్ రిచర్డ్ ప్రయర్ అంతటివాడు కూడా మొదట్లో మరో కమెడియన్ బిల్ కాస్బీ బాణీలోనే చేసేవాడు. 1967లో లాస్ వెగాస్‌లో షో మధ్యలోనే స్టేజి దిగి వెళ్లిపోయాడు, సొంత గొంతు ఆ తర్వాతే వచ్చింది.

రాసుకున్న ఆ కాగితం పక్కన పెట్టుకుని, అదే కొలతలో మీ ఇంట్లో జరిగిన సంగతి ఒకటి రాయండి. రాశాక పైకి చదివి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. మొదటిసారి వినడానికి ఘోరంగా ఉంటుంది, నాకైతే రెండు రోజులు ఫోన్ ముట్టుకోబుద్ధి కాలేదు.