మిల్లు లెక్కల్లో మోసం పట్టాలంటే

మండపేట, తాడేపల్లిగూడెం వైపు రైస్ మిల్లుల్లో సరుకు తగ్గిందనిపిస్తే ముందే గుమస్తాను నిలదీయకండి. విషయం పొక్కితే రాత్రికి రాత్రే ఎంట్రీలు మారిపోతాయి. మొదట కంప్యూటర్ లెక్కలకు రెండు కాపీలు తీసి, హాష్ విలువ (ఫైలులో ఒక్క అంకె మారినా మారిపోయే డిజిటల్ గుర్తు) రాసుకుని, ఒకదానికి సీలు వేయండి. కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో ఆ విలువ అడుగుతారు. కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి. ఎవరు ఎప్పుడు ఏ అంకె దిద్దారో అందులో దొరుకుతుంది.

అసలు పని సరుకు లెక్కలో ఉంది. 75 కిలోల ధాన్యం బస్తాలు వెయ్యి దిగితే 750 క్వింటాళ్లు. పచ్చి బియ్యానికి ప్రభుత్వ లెక్క 67 శాతం, అంటే 502.5 క్వింటాళ్లు రావాలి. తవుడు, నూక, ఊక విడివిడిగా తూయించండి. చిన్న సరుకని వదిలేస్తే నగదు అక్కడే జారిపోతుంది. తేమ తరుగును మాటతో ఒప్పుకోవద్దు. 20 శాతం తేమ 14కు దిగితే క్వింటాకు తగ్గేది సుమారు 7 కిలోలు. పది రాశారంటే మిగతా మూడింటికి జవాబు కావాలి.

కాటా చీటీ, గేటు రిజిస్టరు, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసే జీఎస్టీ పత్రం) లారీ నంబరు వారీగా పక్కపక్కన పెట్టండి. ఖాళీ లారీ బరువు ప్రతిసారీ కిలో తేడా లేకుండా ఉంటే, కాటా ఎక్కించకుండానే రాశారేమో చూడాలి. మర ఆడిందని రాసిన రోజుల్ని కరెంటు యూనిట్లతో సరిపోల్చండి. సరఫరాదారుల బ్యాంకు ఖాతా నంబర్లు సిబ్బంది జీతాల ఖాతాలతో కలుస్తున్నాయేమో కూడా.